మెడ పట్టిన తేదీలు

2021 ఫిబ్రవరి 15, సోమవారం

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, వచ్చే ముందు ఏం జరుగుతోంది. ఈ మూడూ రోజూ రాసి రెండు వారాల తరవాత పట్టుకు రమ్మంది. ఏ భాషలో రాయాలో చెప్పలేదు. నాకు వచ్చినవి తెలుగు అక్షరాలే, చర్చి బడిలో మూడో తరగతి దాకా. బర్మా మాట నీళ్ళలా వస్తుంది, రాత రాదు. ఇది ఆమె చదవలేదు. నా మనవరాలు జూలియట్ కూడా చదవలేదు. మంచిదే. తప్పులు దిద్దేవాళ్ళు ఉండరు.

పేరు ఎలీజా. వయసు డెబ్బై ఏడు. పని, రేవులో బియ్యం బస్తాల మోత, నలభై ఏళ్ళు. జబ్బు, మెడ. చీటీ మీద ఆమె ఇలాగే రాసుకుంది కాబట్టి నేనూ రాశాను.

మెడ పట్టేసి నేటికి తొమ్మిది రోజులు. పక్కలకి కొంచెం తిరుగుతుంది. కిందికి వంగదు. అన్నం పళ్ళెం గుండెల దాకా ఎత్తుకుని తింటున్నాను. కారణం నాకు తెలుసు. జూలీ దిండు మార్చింది.

ధర్మాసుపత్రిలో ఒక పొరపాటు జరిగింది. ఏమైంది ఆఫో అని అడిగింది డాక్టరమ్మ. ముసలివాళ్ళని వాళ్ళు అలా పిలుస్తారు, తాతా అన్నట్టు. మెడలో నరం పట్టేసింది అని చెప్పబోయాను. నరాన్ని బర్మాలో అచో అంటారు. భయాన్ని అచౌక్ అంటారు. ఆ చివరి క్ పైకి అనకూడదు, అనబోయి గొంతులోనే ఆపెయ్యాలి. నేను అచో అనే అన్నాను. సరిగ్గా అప్పుడే మెడలో పోటు వచ్చి మాట చివర గొంతు పట్టేసింది. ఆమె కలం ఆపింది.

"దేనికి భయం ఆఫో?" అంది.

పక్కన జూలీ మాస్కులోంచే కిసుక్కున నవ్వింది. భయం కాదు, నరం అని అరిచాను. వరండాలో కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. డాక్టరమ్మ రాసిందాన్ని కొట్టెయ్యలేదు. దాని పక్కన నరం అని కూడా రాసింది. కొన్ని మెడలకి రెండూ ఉంటాయి అంది. చిన్న వయసు, తెలియదు.

ఎప్పుడు మొదలైంది అని అడిగింది. ఆరో తేదీ శనివారం అన్నాను. ఆ రోజు ఏం చేస్తున్నారు అంది. ఏమీ లేదు అన్నాను. మిలటరీ వాళ్ళు గద్దె ఎక్కిన ఆరో రోజు అది. జూలీ తన కుట్టు ఫ్యాక్టరీ అమ్మాయిలతో మొదటిసారి వీధిలోకి వెళ్ళింది ఆ రోజే. మెడకీ దానికీ సంబంధం లేదు. అందుకే చెప్పలేదు.

ఫిబ్రవరి 16

నొప్పి లేదు. జూలీ ఇంట్లోనే ఉంది. దుప్పట్లు ఉతికింది. మందు పనిచేస్తోంది.

ఫిబ్రవరి 17

ఉదయం తొమ్మిదికి వచ్చింది. సాయంత్రం అయిదున్నరకి పోయింది. వచ్చే ముందు ఏం జరుగుతోంది: జూలీ చెప్పులు వేసుకుంటోంది. పోయే ముందు ఏం జరుగుతోంది: జూలీ చెప్పులు విప్పుతోంది. రెండుసార్లూ వీధి తలుపు తెరిచే ఉంది. ఆ గాలి మెడకి మంచిది కాదు.

ఫిబ్రవరి 19

దిండు తీసేసి చీర మడత పెట్టుకుని పడుకున్నాను. మా ముసలిది పోయిన తరవాత ఆ చీర బయటికి తీయడం ఇదే. లాభం లేదు. నొప్పి తొమ్మిది నుంచి అయిదున్నర.

ఫిబ్రవరి 22, సోమవారం

సమ్మె అని మా పేట చౌక్తడా అంతా మూసేశారు. టీ కొట్టు కూడా. మా వీధిలో నేను పుట్టిన దగ్గరి నుంచి టీ కొట్టు మూయడం ఇది మూడోసారి.

మాది నాలుగో అంతస్తు. వసారా కమ్మీకి తాడు కట్టి వీధి దాకా వదిలాం. కింది కొసన క్లిప్పు, పై కొసన గంట. పేపరువాడు గాని కూరల మనిషి గాని క్లిప్పుకి తగిలించి తాడు లాగితే గంట మోగుతుంది, మేం పైకి లాక్కుంటాం. జూలీ ఇంటికి వచ్చేటప్పుడు కింది నుంచి రెండుసార్లు లాగుతుంది. మెట్లు ఎక్కుతున్నాను, అన్నం పెట్టు అని దాని అర్థం.

పొద్దున్నుంచి వసారాలో నిలబడ్డాను. కింద జనం హోరు వినిపిస్తోంది. మెడ వంగదు కనక ఎదురు డాబా మీది నీళ్ళ ట్యాంకు మాత్రం కనిపిస్తోంది. పక్క వసారాలోకి మంగాయమ్మ వచ్చింది. ఆమె మొగుడూ నేనూ ఒకే రేవులో చేశాం. ఆమెకి నోరు ఎక్కువ.

"ఏటి బావా, ఆకాసంలోకి సూస్తన్నావు? మీ యేసు దిగొస్తన్నాడేటి?"

"కిందన ఏటవుతుందో సెప్పు."

"నీ కల్లకేటైనాది?"

"కల్లు బాగున్నాయి. మెడ వొంగట్నేదు."

"ఓలమ్మ! అన్ని బస్తాలు మోసిన మెడ గుంటని సూడ్డానికి వొంగనేదా?" అని నవ్వింది. తరవాత కమ్మీ మీదుగా వంగి చూసింది. "మీ గుంట తలకి ఎర్ర గుడ్డ కట్టుకున్నాది. ముందు నడుస్తంది."

"ముందా?"

"మరి ఎనకేటి? ముందే. జెండా కర్ర దాని సేతిలోనే ఉన్నాది."

నొప్పి పది గంటలకి భుజం దాకా దిగింది. ముందు ఏం జరుగుతోంది: నిలబడ్డాను. ఎక్కువసేపు నిలబడకూడదు కాబోలు.

సాయంత్రం గంట రెండుసార్లు మోగింది.

ఫిబ్రవరి 28

రోజంతా నొప్పి. ముందు ఏం జరుగుతోంది: తుపాకి చప్పుళ్ళు.

మార్చి 1

రెండు వారాలు అయ్యాయి కదా అని పుస్తకం పట్టుకుని వెళ్ళాను. ధర్మాసుపత్రికి తాళం. డాక్టరమ్మ సమ్మెలోకి వెళ్ళిందనీ, ఆమె కోసం వెతుకుతున్నారనీ పక్కింటి మనిషి చెప్పాడు. చెబుతూ అటూ ఇటూ చూశాడు. నేను చూడలేదు, నా మెడ అంత తిరగదు.

చూపించడానికి ఇక ఎవరూ లేరు. పుస్తకంలో సగం కాగితాలు మిగిలాయి. పారెయ్యడం ఎందుకు.

మార్చి 4

జూలీ కళ్ళ కింద తెల్లగా పళ్ళ పేస్టు పూసుకుని వచ్చింది. పొగ గుండ్ల మంటకి అది విరుగుడట. దాని జుట్టూ బట్టలూ అంతా ఆ ఘాటే. వెళ్ళి స్నానం చెయ్యమన్నాను. అన్నం చల్లారిందని తిట్టాను.

స్నానం చేసి వచ్చి నా మెడకి బామ్ రాసింది. కుట్టు పని చేసే వేళ్ళు, గట్టిగా ఉంటాయి.

"తాతా, ఎనబై ఎనిమిది గొడవల్లో నువ్వు ఎల్లావా?"

ఆ ఏడు కూడా జనం ఇలాగే మిలటరీ మీద తిరగబడ్డారు. దాని తెలుగు వంకర టింకరగా ఉంటుంది. అర్థం చేసుకోవడం ఎక్కువ, మాట్లాడ్డం తక్కువ.

"నేదు. ఆ పొద్దు బస్తా జారి మెడ పట్టేసినాది. తిరగనేదు."

"హెరాల్డ్ తాత ఎల్లాడు కదా?"

"ఎల్లాడు."

హెరాల్డ్ నా తమ్ముడు. గోడ మీద ఫొటో ఉంది. ముప్ఫై నాలుగేళ్ళకి ఆగిపోయాడు.

"ఆ అచో పట్టకపోతే నువ్వూ ఎల్లీవోడివే కదా తాతా?"

బామ్ డబ్బా మూత కనిపించలేదు. మంచం కింద వెతికించాను.

"ఎల్లీవోన్నే" అన్నాను.

దానికి తల్లి లేదు, తండ్రి లేడు. ఆరేళ్ళప్పటి నుంచి నేనూ ముసలిదీ పెంచాం, తరవాత నేనొక్కణ్ణే. ఆ మాట నమ్మి నా మెడ మీద ముద్దు పెట్టుకుని పడుకుంది. బామ్ మంచిది కాదు. నొప్పి పెరిగింది.

మార్చి 16, మంగళవారం

నిన్న మింగళాడోన్‌లో ఫ్యాక్టరీ దగ్గరి గది నుంచి జూలీ జట్టులో ముగ్గురు అమ్మాయిల్ని పట్టుకుపోయారు. వాళ్ళ ఫోనుల్లో జూలీ ఫొటో ఉంది, జెండా కర్రతో. ఇక్కడ ఉండకూడదని మంగాయమ్మే తేల్చింది.

"మా సెల్లి సూర్యావతి తన్లిన్‌లో ఉన్నాది. నది దాటితే సాలు. బొట్టెట్టి, జడేసి, నా పాత సీర కట్టి బస్సెక్కిస్తాను. వొంతెన కాడ ఆపితే గుడికి ఎల్తన్నామని సెప్తాను."

"బొట్టా?" అన్నాను.

"మీ యేసుకి నాను సెప్పుకుంటాన్లే బావా. నువ్వు నోరు మూసుకో."

జూలీ ఫోను ఇక్కడే వదిలేసింది. ఏర్పాటు ఇది: సూర్యావతి వీధిలోని కూరల మనిషి ప్రతి ఆదివారం ఉదయం బస్సులో మా వీధికి వస్తుంది. ఆమె చేతికి జూలీ నీలం గుడ్డ ముక్క ఇస్తుంది. ఆమె దాన్ని క్లిప్పుకి పెట్టి తాడు లాగుతుంది. నీలం వచ్చిందంటే అమ్మాయి క్షేమం. ఫోను చెయ్యకూడదు, ఉత్తరం రాయకూడదు.

తలుపు దగ్గర జూలీ నిలబడింది. నుదుట బొట్టుతో ఎవరో పరాయి పిల్లలా ఉంది.

"తాతా, ఎల్లొస్తాను. ఏటైనా సెప్పు."

"నీల్ల సీసా తీసుకో" అన్నాను.

తీసుకుంది. మెట్లు డెబ్బై రెండు. డెబ్బై రెండూ విన్నాను. వసారాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఎదురు డాబా మీద నీళ్ళ ట్యాంకు కనిపించింది.

మార్చి 17

నొప్పి.

మార్చి 21, ఆదివారం

గంట మోగింది. నీలం. నొప్పి తక్కువ. గంజి మానేసి అన్నం తిన్నందువల్ల.

ఏప్రిల్ 4, ఆదివారం

ఈస్టర్. చర్చికి వెళ్ళలేదు. నీలం. తగ్గింది.

ఏప్రిల్ 11

నీలం.

ఏప్రిల్ 18

బర్మా వాళ్ళ కొత్త ఏడాది నీళ్ళ పండగని బస్సులు లేవో ఏమో, కూరల మనిషి రాలేదు. సాయంత్రం దాకా తాడు పట్టుకుని నిలబడ్డాను. గంట మోగలేదు. పక్కలకి తిరిగే మెడ కూడా ఆగిపోయింది. తల ఒక దిక్కే.

ఏప్రిల్ 25

నీలం. ఏడు రోజుల తరవాత మెడ పక్కలకి తిరిగింది. ఎండకి నరాలు వదులవుతాయి. ఎండాకాలం మంచిది.

మే 7, శుక్రవారం

ఉదయం ఏడింటికి సైన్యం వాళ్ళు ఇళ్ళ తనిఖీకి వచ్చారు. ఏ ఇంట్లో ఎవరు రాసి ఉన్నారు, ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని. మా అంతస్తులో వాళ్ళందర్నీ మెట్ల దగ్గర వరసగా నిలబెట్టి తలలు దించమన్నారు. మంగాయమ్మ దించింది. అందరూ దించారు. నా తల నిటారుగా ఉంది.

"తల దించు" అన్నాడు ముందున్న ఆఫీసరు.

నేను కదల్లేదు.

"నీకే చెబుతున్నాను, ముసలోడా. ఇంటి జాబితాలో జూలియట్ అని ఉంది. ఎక్కడ?"

"పనికి వెళ్ళింది."

"ఏ పని? ఆ ఫ్యాక్టరీ మూసేసి రెండు నెలలు."

ఫ్యాక్టరీ పేరు కూడా వాళ్ళకి తెలుసు. లోపల గోడకి జూలీ ఎర్ర గుడ్డ ఇంకా వేలాడుతోంది. తీసెయ్యమని మంగాయమ్మ వంద సార్లు చెప్పింది, నేను తీయలేదు. తలుపు ఓరగా ఉంది.

"తల దించి జవాబు చెప్పు!" అని తుపాకి మడమ నా మెడ వెనక ఆనించి కిందికి నొక్కాడు ఇంకొకడు.

మెడలో నరం, వంగదు అని చెప్పాలి. ఒక్క మాట. అచో. నోరు తెరిచాను. వాడు నొక్కిన చోట పోటు ఎత్తుకుని మాట చివర గొంతు మూసుకుపోయింది.

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత నవ్వారు.

"భయమట!" అన్నాడు నొక్కినవాడు. "కలా ముసలోడు భయమని ఒప్పుకున్నాడు. కాళ్ళు చూడండి."

మా జాతి వాళ్ళని వాళ్ళు చిన్నచూపుతో కలా అనే అంటారు. ఆఫీసరు కూడా నవ్వాడు. కాగితం మీద ఏదో గీత పెట్టాడు. తుపాకి తీశారు. అయిదో అంతస్తుకి వెళ్ళారు. అడిగిన ప్రశ్నకి జవాబు తీసుకోవడం మరిచిపోయారు.

వాళ్ళు వీధి దాటాక మంగాయమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది.

"బావా, బలే సెప్పినావు. బయం అనేసి ఒగ్గించుకున్నావు."

"నాను బయం అన్నేదు. నరం అన్నాను."

"ఏదైతేనేటి? గుంట బతికినాది. ముందు ఆ గుడ్డ తియ్యి."

గుడ్డ తీశాను. ఫిబ్రవరిలో డాక్టరమ్మ తప్పుగా వింటే అరిచి మరీ దిద్దాను. ఇవాళ దిద్దలేదు. రేవులో నన్ను పిరికివాడన్నవాడు ఒక్కడు లేడు.

అసలు ఏది అన్నానో ఇక్కడ రాద్దామని కూర్చున్నాను. గంట గడిచింది. నాకే తెలియడం లేదు.

మే 9, ఆదివారం

నీలం వచ్చింది.

ఇది ఎవరూ చదవరు కాబట్టి ఒకటి రాస్తాను. ఎనభై ఎనిమిది ఆగస్టు ఎనిమిది, ఉదయం ఎనిమిది గంటల ఎనిమిది నిమిషాలకి రేవులో అందరూ బస్తాలు దించేశారు. సమ్మెకి ముందే అనుకున్న వేళ అది. హెరాల్డ్ దించాడు. నా జట్టులో పదకొండుమందీ దించారు. నేను దించలేదు.

"అన్నా, దించు" అని వెనక నుంచి పిలిచాడు హెరాల్డ్.

నేను నడుస్తున్నాను. గోడౌన్ ఇంకా ముప్ఫై అడుగులు.

"అన్నా, ఇటు సూడు" అన్నాడు.

తల తిప్పలేదు. బస్తా జారలేదు. నా మెడ ఆ రోజు బాగుంది. ఎటు తిప్పితే అటు తిరిగేది. గోడౌన్‌లోకి వెళ్ళి బస్తాల వెనక కూర్చున్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాను.

హెరాల్డ్ తిరిగి రాలేదు. మూడో రోజున అమ్మ అడిగింది, నీ తమ్ముడు పిలవలేదా అని. మెడలో నరం పట్టేసినాది, తిరగనేదు అని చెప్పాను. అమ్మ నమ్మింది. వేడి నీళ్ళ కాపడం పెట్టింది. నెల రోజులు పెట్టించుకున్నాను, బాగున్న మెడకి. తరవాత ఎవరు అడిగినా అదే చెప్పాను. మా ముసలిదానికి కూడా.

మే 10

నిన్న రాసింది చింపేద్దామని చూశాను. అక్షరాలు గుండ్రంగా బాగా వచ్చాయి. ఉంచాను.

జూన్ 6

నీలం. జూలీకి చీటీ రాద్దామనుకున్నాను. ఉత్తరాలు కూడదని నేనే ఒప్పుకున్నాను. ఒక్క మాట అయితే ఉత్తరం కాదు. కాగితం ముక్క అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. కూరల మనిషి కింది నుంచి అరిచి అరిచి వెళ్ళిపోయింది.

జూన్ 13, 20, 27

నీలం. నీలం. నీలం. చీటీ రాయలేదు.

జులై 4, ఆదివారం

ఇవాళ రాశాను. తెలుగు అక్షరాలతో బర్మా మాట. అచౌక్. సూర్యావతికి తెలుగు చదవడం వచ్చు, చదివి వినిపిస్తుంది. చివర క్ చిన్నదిగా రాశాను, అనీ అననట్టు ఉండాలి కదా. క్లిప్పుకి పెట్టి తాడు దించాను. ఎక్కడిదాకా దిగిందో కనిపించలేదు. మూతికి గుడ్డ కట్టుకున్నావా అని కూరల మనిషి కింది నుంచి అరిచింది. జ్వరాలు మళ్ళీ వచ్చాయట.

జులై 11

కూరల మనిషి రాలేదు.

జులై 18

రాలేదు. వంతెన దగ్గర ఆపేస్తున్నారని పేపరువాడు చెప్పాడు. తన్లిన్‌లో ఇంటికి ఇద్దరు పడుకున్నారట. మా వీధిలో పదకొండు వసారాలకి పసుపు గుడ్డలు. జబ్బు మనిషి ఉన్నాడు, మందు కావాలి అని గుర్తు.

జులై 20

పన్నెండు. మంగాయమ్మకి జ్వరం. పసుపు గుడ్డ నేనే కట్టాను. తలుపు బయట గంజి పెట్టి తట్టి వచ్చేస్తున్నాను.

"ఉప్పు నేదు బావా" అని లోపలి నుంచి అంది. బతుకుతుంది.

జులై 25

రాలేదు. నొప్పి రాసే పని లేదు, పోవడం లేదు. ముందు ఏం జరుగుతోంది: గంట మోగడం లేదు.

దిండు కాదు. గాలి కాదు. బామ్ కూడా కాదు. ఇన్నాళ్ళ తేదీలూ మొదటి నుంచి చదివాను. మూడో తరగతి చదివినవాడికి కూడా తెలుస్తుంది.

ఆగస్టు 1

రాలేదు. పేపరువాడు కూడా రాలేదు. మంగాయమ్మ లేచి కూర్చుంది.

"సూర్యావతి సేత్తో పెట్టింది తిని సచ్చినోల్లు నేరు" అంది. నా మొహం చూడకుండా అంది.

ఆగస్టు 8, ఆదివారం

ఉదయం ఎనిమిది దాటింది. వసారాలో కుర్చీ వేసుకుని ట్యాంకు చూస్తున్నాను. గంట మోగింది. రెండుసార్లు.

లేచి తాడు లాగాను. సగంలో చేతులు జారాయి, మళ్ళీ పట్టుకుని లాగాను. నీలం గుడ్డ. ఎప్పటిలా ముక్క కాదు, మూరెడు ఉంది. దాని మీద తెల్ల దారంతో అక్షరాలు కుట్టి ఉన్నాయి. తెలుగు అక్షరాలు. అ రాయడం కూడా రాని పిల్ల. ఒక అక్షరం లావు, ఒకటి సన్నం, సూర్యావతి చెయ్యి పట్టుకుని నేర్పి ఉంటుంది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాను.

తాతా నరమా బయమా

బ కి వత్తు లేదు. మేం అనేది అలాగే.

ఎందుకు అడిగిందో తెలుసు. చీటీలో ఆ చిన్న క్ సూర్యావతికి కనిపించి ఉండదు, లేదా కనిపించినా ఇద్దరూ నమ్మి ఉండరు.

"త్వరగా కానీ ఆఫో, బస్సు పోతుంది!" అని కింది నుంచి కూరల మనిషి అరిచింది. రెండుసార్లు లాగమని జూలీయే చెప్పి పంపి ఉంటుంది.

కలం తెచ్చాను. ఈ పుస్తకంలోంచే కాగితం చింపాను. నరం అని రాస్తే అమ్మాయి నవ్వుకుని పడుకుంటుంది. మొదటి అక్షరం రాసి కొట్టేశాను. కింద రాశాను:

రెండోది. హెరాల్డ్‌ అప్పుడు కూడా.

క్లిప్పుకి పెట్టి తాడు వదిలాను. చీటీ దిగుతోంది. చూస్తున్నాను. మూడో అంతస్తు కమ్మీ దాటింది. రెండో అంతస్తు వాళ్ళు ఆరేసిన లుంగీకి తగులుకుని మళ్ళీ వదులుకుంది. అక్కడి దాకా కనిపించింది. అక్కడ మెడ ఆగిపోయింది.

నొప్పి ఎప్పుడు: ఎనిమిది దాటాక. ఎంతసేపు: ఇంకా ఉంది. ముందు ఏం జరుగుతోంది: జూలీ కోసం కిందికి చూస్తున్నాను.